అడుగు

ఏడు రోడ్ల జంక్షన్ నుంచి మూడో సందు.
కింద జీడిపప్పు దుకాణం, మీద నా గది.
వేయించే వాసనకి మూడింటికే ఆకలేస్తుంది.
అక్కడ కూర్చుని
పేజీలకి అడుగులు తయారుచేస్తాను.

ఒక్కసారి అచ్చు పోస్తే చాలు,
కరెంటాఫీసుకీ ఆసుపత్రికీ పంటల బీమాకీ అదే అడుగు.
అందుకే ఇక్కడ తప్పు చేస్తే
అది నలభై చోట్ల తప్పు.

మొదటిసారి
బూడిద రంగు మీద ఇంకాస్త బూడిద రంగు అక్షరాలు వేశాను.
ఎంత నాజూగ్గా ఉందో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.
అడుగున ఎవరు చూస్తార్లే,
చీరకి ఫాలు లాంటిదే కదా.

పరీక్షించడానికి ఆమదాలవలస నుంచి
కోరాడ తవిటమ్మ వచ్చింది.
చేతికర్ర మడిచి సంచిలో పెట్టుకుంది.
ఫోను తెర ఆర్పేసింది,
తనకి అక్కర్లేని వెలుతురు ఛార్జింగు తినడమెందుకని.

ఆ ఫోను గొంతు
పాసింజరు తప్పిపోతుందన్నట్టు పరిగెడుతోంది.
నాకు ఒక్క ముక్క అందలేదు.
ఆవిడ వేలు మాత్రం టక్కున ఆగింది.

"ఏటి బావూ ఇది?
లింకు, లింకు, ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి, లింకు.
కాంప్లెక్సులో బస్సుకి ఊరి పేరు రాయకుండా
ఎక్కండి అని బోర్డు కట్టీసినారనుకో,
నువ్వు ఎక్కుతావేటి?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

తుపాను రాత్రి సంగతి చెప్పింది.
వీధిలో తీగ తెగి నీళ్ళల్లో పడింది.
గుమ్మంలో నిలబడి కరెంటాఫీసు పేజీ తెరిచిందట.
కిందికి, ఇంకా కిందికి.
వార్తలయ్యాక మళ్ళీ వార్తలే ఊరుతున్నాయి
చెలమలో నీళ్ళలా.
అడుగు తగలదు.
ఎంతసేపటికో తగిలింది.
ఫిర్యాదుల నంబరు, అని చెప్పి
"చిత్రం" అంది ఫోను.
మళ్ళీ తాకింది.
"చిత్రం."
ఎవరో నంబరుని బొమ్మ చేసి అతికించారు.
"సిత్రమే మరి" అని
ఆ చీకట్లో ఫోనుకే జవాబు చెప్పిందట.

ఎవరో అంటున్నాను గానీ
ఆ బొమ్మ అతికించింది నేనే.
పొడుగాటి నంబరు విరిగి రెండో వరసలోకి జారుతోందని,
అందం చెడుతుందని.
అప్పుడు చెప్పలేదు. మంచినీళ్ళు ఇచ్చాను.

ఆ వారమంతా నిద్ర తక్కువ.
నిష్పత్తి నాలుగున్నర దాటేదాకా
అక్షరాలకి నలుపు పోస్తూనే ఉన్నాను.
లింకులకి ఊళ్ళ పేర్లు పెట్టాను:
కరెంటు పోతే. బిల్లు కట్టాలంటే. ఆఫీసు ఎక్కడ.
పొందూరులో వాలుగ చేప దవడతో దూది దువ్వినట్టు
ఒక్కో మాటనీ పీచు పోయేదాకా దువ్వాను.
వణికే వేలికీ చోటు చాలేలా ఎడం ఉంచాను.
తల దగ్గర నుంచి తిన్నగా ఇక్కడికి దూకడానికి
కంటికి కనబడని దారి ఒకటి వేశాను.
వార్తల చెలమకి మూత పెట్టాను,
ఇంకా కావాలా అని అడిగాకే తెరుచుకుంటుంది.
నంబరు మళ్ళీ నంబరయింది.
చిన్న తెర మీద రెండు వరసల్లోకి విరిగింది.
విరగనీ.

రెండోసారి వచ్చినప్పుడు
ఫోను ఒక్కో అంకే చదివింది. తవిటమ్మ నొక్కింది.
అవతల ఎవరో నిద్రగొంతుతో, చెప్పండి, అన్నారు.
"ఏటీ లేదు బావూ,
అడుగుందో లేదో సూసుకున్నాను" అని పెట్టేసింది.

బాగుందనలేదు. కర్ర విప్పుకుని లేచింది.
మెట్లు దిగుతోంది, టక్కు, టక్కు.
పది. పదకొండు.
చివరి మెట్టు సగం విరిగి ఏడాదైంది,
ఇంటివాళ్ళకి చెప్పాలి చెప్పాలి అనుకుంటూనే ఉన్నాను.
కర్ర గాల్లో అడుగు కోసం వెతుకుతోంది.

"ఆగండి, అక్కడ విరిగింది" అని అరిచాను.
ఆ ఊపులోనే రెండోదీ జారిపోయింది నోట్లోంచి:
"ఆ నంబరు బొమ్మ, నేనే అతికించాను."

కర్ర ఆగింది.
కింద బాణలిలో జీడిపప్పు చిటపట.
ఆవిడ చెయ్యి చాపింది, పట్టుకోమని.

"సర్లే. ముందు ఈ మెట్టు సంగతి సూడు."